మగవాడు విత్తనం కాదు, పుప్పొడి

“వదినా, గుడ్డు పద్దెనిమిదికి వచ్చిందంట. రేపు రాత్రికి ఇంజెక్షన్ వేస్తారంట.”

స్కానింగ్ సెంటరు మెట్ల మీద నిలబడి మా తమ్ముడి భార్య ఫోన్లో చెప్పిన మాట ఇది. పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగినవాళ్లందరికీ ఈ లెక్క తెలుసు. నెలసరి వచ్చిన పదో రోజు నుంచి రోజు మార్చి రోజు స్కాన్ తీస్తారు. పన్నెండు, పదిహేను, పద్దెనిమిది. ఆ అంకె సాయంత్రానికల్లా ఇంట్లో అందరికీ చేరుతుంది. మా అమ్మ అయితే క్రికెట్ స్కోరు అడిగినట్లు “ఇయ్యాల ఎంతంట?” అని అడిగేది.

నెల్లూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి బతికేదాన్ని. నోరు ఊరుకోదు.

“అది గుడ్డు కాదు పాపా, గుడ్డున్న సంచి” అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “మరి గుడ్డెంత ఉంటది?” అంది.

మిల్లీమీటరులో పదో వంతు. పద్దెనిమిది మిల్లీమీటర్లంటే రేగుపండంత. అంత నీటి సంచిలో ఒక పక్క గోడకు అంటుకుని, మెత్తటి ముగ్గుపిండిలో ఒక్క రేణువంత ఉంటుంది అసలు గుడ్డు. స్కాన్‌లో అది కనపడదు. నల్లగా గుండ్రంగా తెర మీద కనిపించేదంతా నీళ్లే. దాన్ని మా సిలబస్‌లో పుటిక అంటారు, ఆస్పత్రిలో ఫాలికిల్ అంటారు, ఊళ్లో గుడ్డు అంటారు. “గుడ్డు పగిలింది” అంటే జనం సంతోషపడతారు. పగిలింది సంచి. గుడ్డు పగిలితే ఇక చేసేదేముంది?

ఈ పొరపాటు మనదొక్కరిదే కాదు. 1672లో డచ్ వైద్యుడు రెయినియర్ డి గ్రాఫ్ కూడా ఆ సంచులనే గుడ్లనుకున్నాడు. గ్రాఫియన్ పుటిక అనే పేరు ఆయనదే. కుందేళ్లను కోసి చూస్తే నాళంలోకి దిగిన గుడ్లు అండాశయంలోని సంచుల కంటే చాలా చిన్నగా ఉన్నాయని ఆయనే గమనించాడు, ఎందుకో మాత్రం తేలలేదు. అసలు గుడ్డు మనిషి కంట పడటానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఒక ఆడకుక్క అండాశయంలో సంచి లోపల పసుప్పచ్చటి చుక్క ఒకటి చూసి, దాన్ని తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. శుక్రకణాన్ని అప్పటికే 1677లో లేవెన్‌హుక్ చూసేశాడు. గుడ్డు శుక్రకణం కంటే వేల రెట్లు పెద్దది, అయినా ఒకటిన్నర శతాబ్దం ఆలస్యంగా దొరికింది. కదిలేది ముందు కనపడుతుంది, కదలనిది మరుగున పడుతుంది. ఆ మధ్య కాలంలో జరిగిన నష్టం ఇంకా తీరలేదని నా అనుమానం.

ఎందుకంటే ఆ ఫోన్‌కు నెల రోజుల ముందు, కనుమ నాడు, కోవూరు దగ్గర మా ఊళ్లో పెద్దనాయన భోజనానికి కూర్చుని ఇట్టా అన్నాడు: “నేలలో సారం లేకపోతే ఎంత మంచి విత్తనమైతే మాత్రం ఏం మొలుస్తాదమ్మాయ్?”

చెడ్డ ఉద్దేశంతో అనలేదు. పొద్దున్నే ఆ పిల్ల కోసం చెంబుడు చిక్కటి పాలు తెచ్చిచ్చింది కూడా ఆయనే. ఆ పిల్ల అప్పుడు గారెలు వడ్డిస్తా ఉంది. గిన్నె పక్కన పెట్టి లోపలికి పోయింది. మా తమ్ముడు పులుసు కలుపుకుంటూ తలెత్తలేదు. నేనూ ఏమీ అనలేదు, ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెప్తున్నదాన్ని.

ఆడది పొలం, మగవాడు విత్తనం. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఉందీ మాట. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అనే సామెతలో దీని వాసన ఉంది. ‘గొడ్రాలు’ అనే తిట్టులో దీని విషముంది. ఆ మాటకు మగవాడి వైపు వాడుకలో జోడీ మాటే లేదు. యూరప్‌వాళ్లు తక్కువ తిన్లేదు. 1694లో హార్ట్‌సూకర్ అనే ఆయన శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న బుల్లి మనిషిని బొమ్మే గీశాడు. అంటే పిల్లవాడు మొత్తం తండ్రిలోనే ఉన్నాడు, తల్లి కడుపు మట్టికుండీ మాత్రమే. విచిత్రం ఏంటంటే మన పాఠ్యపుస్తకాలు అండాశయాన్ని స్త్రీ బీజకోశం అని కూడా అంటాయి. పుస్తకం ఆడదానికీ బీజం ఇచ్చింది. వాడుకే ఇవ్వలేదు.

నా వాదన ఏంటంటే, ఈ పోలిక సైన్సు ప్రకారమే కాదు, వ్యవసాయం ప్రకారం కూడా తప్పు. వరి పండించేవాళ్లు చేయకూడని తప్పు.

ఫిబ్రవరిలో మళ్లీ ఊరికి పోయినప్పుడు పొద్దున పది గంటలప్పుడు పెద్దనాయనతో పొలానికి వెళ్లాను. నెల్లూరు మసూరి, పూత మీద ఉంది. పురుగు మందు కొట్టే మనిషి వచ్చి గట్టు మీద నిలబడితే, “పూత ఇచ్చుకోనుంది, మధ్యాహ్నం దాటినాక రా” అని ఆయనే తిప్పి పంపాడు. ఒక వెన్ను వంచి, విచ్చుకున్న ఒక పువ్వు తుంచి, ఆయన అరచేతిలో పెట్టాను. వరి పువ్వంటే రేకులుండవు. రేపు ఊక అయ్యే డొప్పలు రెండు నోరు తెరుచుకుని ఉంటాయి, గంటో గంటన్నరో. వాటి మధ్యలోంచి సన్నటి దారాలకు వేలాడుతూ ఆరు పసుప్పచ్చటి తిత్తులు. అడుగున కోడి ఈకల్లా రెండు బుల్లి కుచ్చులు, వాటి కింద ఆవగింజలో సగం కూడా లేని తెల్లటి బొడిపె.

“పెద్దనాయనా, ఇందులో గింజ అయ్యేదేది?”

“అడుగున ఉండేదే గదా. పాలు పోసుకునేది అదే.”

“అది తల్లిది. ఈ పసుప్పచ్చ దుమ్ము తండ్రిది. మరి విత్తనం ఎవరు?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

విత్తనం అంటే తండ్రి కాదు, పిల్ల. తల్లి కడుపులో పడి, తల్లి పోసిన పాలు గట్టిపడి, సద్దిమూట కట్టుకుని బయటికొచ్చిన పిల్ల. మనం పొలంలో చల్లేది పుట్టేసిన పిల్లల్ని. తండ్రి పాత్ర ఎక్కడా అంటే పూతనాడు ఎగిరిన ఆ దుమ్ములో. విత్తనం, పొలం అనే పోలికలో తల్లి చేసిన పనంతా తీసి తండ్రి ఖాతాలో వేసి, తల్లికి మట్టి మిగిల్చారు. (మాష్టర్లు పట్టుకుంటారు కాబట్టి ముందే చెప్తున్నా: మొక్కల్లో ఆ సద్దిమూట జన్యువుల్లో మూడో వంతు పుప్పొడివే. జంతువుల్లో ఆ వంతు కూడా లేదు. గుడ్డులోని సద్ది మొత్తం తల్లిదే.)

పెద్దనాయన తెలివి తక్కువ మనిషి కాదు. పువ్వు కింద పడేసి, “దుమ్ము పడకపోతే తాలే గదమ్మాయ్” అన్నాడు.

నిజమే. ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు సద్దిమూట సంగతి.

నా పాత స్టూడెంటు ఒకమ్మాయి చెన్నైలో ఎంబ్రియాలజిస్టుగా, అంటే ల్యాబులో గుడ్లనూ పిండాలనూ చూసుకునే పని, చేస్తోంది. క్లాసులో చూపించుకోమని మూడు ఫొటోలు పంపింది, పేర్లూ ఊర్లూ లేకుండా. మూడూ మనిషి గుడ్లే, మూడు దశల్లో.

మొదటి దాంట్లో గుడ్డు మధ్య గాజు బుడగలా ఒక గుండ్రం, అందులో ఇంకా చిన్న చుక్క. చేప కన్ను చూసినట్లే ఉంటుంది. ఆ బుడగ కేంద్రకం. ఇది నిద్రలో ఉన్న గుడ్డు. ఎప్పటి నుంచి నిద్ర? ఆ మనిషి పుట్టకముందు నుంచి. తల్లి గర్భంలో ఉన్న ఆడ పిండానికి ఐదో నెల వచ్చేసరికి అండాశయాల్లో 60, 70 లక్షల గుడ్లు తయారై ఉంటాయి. క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమయ్యే విభజన) మొదలుపెట్టి, జత క్రోమోజోములు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండగానే ఆగిపోతాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు మిగులుతాయి, పుష్పవతి అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలు. జీవితం మొత్తంలో విడుదలయ్యేది నాలుగైదు వందలు. మిగతావన్నీ చడీచప్పుడు లేకుండా కరిగిపోతాయి. మాత్రలు వేసుకుని నెలసరిని ఆపినా, గర్భంతో ఉన్నా ఆ కరగడం ఆగదు.

మా అమ్మ మా అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడే నేనవబోయే గుడ్డు తయారైపోయింది అనే మాట వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. వాట్సాప్‌లో తిరిగేవాటిలో ఈ ఒక్కటి నిజం. కానీ దాన్ని కళ్లు చెమర్చడానికి వాడతారు, లెక్క కట్టడానికి వాడరు. మా తమ్ముడి భార్యకు 33 ఏళ్లు. ఆ సంచిలోని గుడ్డుకు అంతకంటే కొన్ని నెలలు ఎక్కువే. దాన్ని కలవడానికి వచ్చే శుక్రకణానికి సుమారు రెండున్నర నెలలు. నాలుగు నెలల వరి పంట అంత వయసు కూడా లేదు.

రెండో ఫొటోలో బుడగ లేదు. గుడ్డు నిద్ర లేచింది, లోపల తెర కరిగిపోయింది. మా పిల్లకు “రేపు రాత్రికి ఇంజెక్షన్” అన్నారే, అది చేసే పని ఇదే. మామూలుగా మెదడు కింద గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా ఎగదన్నితే జరిగేది ఆ ఇంజెక్షన్‌తో జరుగుతుంది. అక్కడి నుంచి 36 గంటలకు అటూ ఇటూగా సంచి తెరుచుకుంటుంది. ఈ లెక్క తేల్చడానికి రాబర్ట్ ఎడ్వర్డ్స్ ఏళ్ల తరబడి కూర్చున్నాడు. అంతకుముందు పన్నెండు గంటలు చాలనుకునేవాళ్లు. మనిషి గుడ్డుకు ఒకటిన్నర రోజు కావాలని ఆయన 1965లో ప్రకటించాడు. 1978లో పుట్టిన మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీకి దారి అక్కడే పడింది.

మూడో ఫొటో నాకు ప్రాణం. నిండు గుండ్రం. చుట్టూ మెరిసే మందపాటి పొర, జోనా పెల్లుసిడా. పొరకూ గుడ్డుకూ మధ్య సందులో, ఒక మూల, చిన్న పూసలాంటిది ఇరుక్కుని ఉంటుంది. ధ్రువ దేహం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు నిర్వచనం రాసి వదిలేస్తారు, నేనూ చాలా ఏళ్లు అట్టాగే వదిలేశాను. కానీ గుడ్డు కథ అంతా ఆ పూసలోనే ఉంది. మగవాడిలో ఒక కణం విభజన చెందితే నాలుగు శుక్రకణాలు, సమానంగా. ఆడవాళ్లలో అదే విభజన జరిగినప్పుడు పంపకం సమానంగా జరగదు. క్రోమోజోముల్లో సగం తీసి చిన్న పూసలో పెట్టి బయటికి నెట్టేస్తుంది, సద్ది మొత్తం ఒక్క దానికే ఉంచుకుంటుంది. ఒక్క గింజ గట్టిపడటానికి మిగతావి తాలుగా వదిలేసినట్లు. రెండో విభజన మొదలుపెట్టి మళ్లీ సగంలో ఆగిపోతుంది. శుక్రకణం లోపలికొస్తేనే దాన్ని పూర్తి చేస్తుంది. రాకపోతే ఎప్పటికీ పూర్తి చేయదు.

ఇంతకీ ఆ సద్దిలో ఏముంది? శక్తినిచ్చే మైటోకాండ్రియాలు లక్ష పైన. శరీరంలో ఇంకే కణంలోనూ ఇన్ని ఉండవు. శుక్రకణం తోకను ఆడించుకోవడానికి కొన్ని పదులు తెచ్చుకుంటుంది, లోపలికొచ్చాక గుడ్డు వాటిని గుర్తుపట్టి నాశనం చేస్తుంది. మైటోకాండ్రియాలకు సొంత డిఎన్‌ఏ ఉంది, 37 జన్యువులు. అవి మగపిల్లాడికైనా ఆడపిల్లకైనా తల్లి నుంచే. ఇంకా ప్రొటీన్లు, వాటిని తయారుచేసే చీటీల్లాంటి ఆర్‌ఎన్‌ఏలు. పిండం మొదటి రెండు మూడు రోజులు, నాలుగు నుంచి ఎనిమిది కణాలయ్యేదాకా, ప్రధానంగా తల్లి రాసిపెట్టిన ఆ చీటీల మీదే నడుస్తుంది. పిండం సొంత జన్యువులు పగ్గాలు పట్టుకునేది ఆ తర్వాతే. పొలం ఇట్టాంటి పని చేస్తుందా?

పైన ఉన్న పొర కూడా ఊరికే కవరు కాదు. ఒక శుక్రకణం దాటగానే గుడ్డు అంచున వరసగా పేర్చి ఉన్న సన్నటి గుళికలు తెరుచుకుని, పొరను గట్టిపరిచి, రెండోదాన్ని రానివ్వవు. ఆరో రోజు దాకా పిండం ఆ పొరలోనే ఉండి, చివరికి దాన్ని చీల్చుకుని బయటికొచ్చి గర్భాశయానికి అతుక్కుంటుంది. కోట్ల శుక్రకణాలు పరుగు పందెం పెట్టుకుంటే గెలిచినవాడికి గుడ్డు బహుమతి అనే కథ మన క్లాసుల్లో ఇంకా నడుస్తోంది. అప్పుడే వచ్చిన శుక్రకణానికి గుడ్డులోకి పోయే శక్తే ఉండదు. స్త్రీ శరీరంలో కొన్ని గంటలు ఉంటేనే అది వస్తుంది. ఇది 1951లోనే తేలింది. డెబ్బై ఏళ్లు దాటినా మన బోర్డు మీద పందెమే నడుస్తోంది.

ఇప్పుడు పెద్దనాయన మాట. దుమ్ము పడకపోతే తాలు. ఒప్పుకుంటాను, మాట వరసకు కాదు. శుక్రకణం క్రోమోజోముల్లో సగం తెస్తుంది. గుడ్డును నిద్ర లేపే ప్రొటీన్ తెస్తుంది. అది తగలగానే గుడ్డులో కాల్షియం అలలు అలలుగా లేస్తుంది. పిండం తొలి విభజనకు కావలసిన సెంట్రియోల్ గుడ్డు ఎప్పుడో పారేసుకుని ఉంటుంది, అదీ ఇదే తెస్తుంది. ఆడపిల్లా మగపిల్లాడా అని తేల్చే క్రోమోజోమూ ఇదే తెస్తుంది. వరసగా ఆడపిల్లలు పుట్టారని కోడలిని దెప్పేవాళ్లు ఆ దెప్పుడు ఎవరికి తగులుతుందో ఒకసారి చూసుకోవాలి. కాబట్టి మగవాడి వంతు తక్కువ అని కాదు నా గొడవ. పుప్పొడిని పుప్పొడి అని పిలవండి అంటున్నా, అంతే. పుప్పొడికి కూడా పరీక్ష చేయించాలని అప్పుడైనా గుర్తొస్తుంది. మా ఇంట్లో ఆ పిల్లకు రక్తపరీక్షలు, స్కాన్లు, ట్యూబులకు ఎక్స్‌రే అయ్యాక, ఏడాదిన్నరకు మా తమ్ముడు ఒక డబ్బా తీసుకుని ల్యాబుకు పోయాడు. ఆ పరీక్షకు పట్టింది ఒక పూట. రిపోర్టులో ఏముందో రాయను, అది వాళ్లది. ఏడాదిన్నర ఎందుకు పట్టిందన్నదే నా ప్రశ్న.

ఈ సంగతి మన జిల్లాల మనుషులకు తెలియనిదేం కాదు, తమ పనిలో. సముద్రం ఒడ్డున రొయ్యల హేచరీలో సీడ్ (రొయ్యపిల్లలు) కొనేవాడు ముందు అడిగేది తల్లిరొయ్యలు ఎక్కడివని. కానీ ఒంగోలు గిత్త దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కళ్లు మగదాని మీదే. ఆ గిత్తల కథలోనే నాకు నచ్చిన సాక్ష్యం ఉంది. 19వ శతాబ్దంలో మన తీరం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ పోయిన పశువులకు అక్కడ ‘నెలోర్’ అని పేరొచ్చింది. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇవాళ బ్రెజిల్ మాంసపు మందల్లో సింహభాగం వాటి సంతతే. మూపురం మనదే, తెలుపు మనదే, పేరు మన ఊరిదే. 1999లో అక్కడి పరిశోధకులు మైటోకాండ్రియా డిఎన్‌ఏ తీసి చూస్తే చాలావాటిలో అది మన పశువులది కాదు, యూరప్ జాతి ఆవులది. పోయినవాటిలో గిత్తలు ఎక్కువ. అక్కడి ఆవులతో తరతరాలుగా కలిపారు. పేరు తండ్రుల వైపు నుంచి వచ్చింది, గుడ్లు మాత్రం అక్కడి తల్లులవి. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవుకు 40 లక్షల డాలర్ల పైన విలువ కట్టారు. అంత ధర పాలకో మాంసానికో కాదు, ప్రధానంగా దాని గుడ్లకు. వ్యాపారం చేసేవాడికి విత్తనం ఎక్కడుందో బాగానే తెలుసు.

ఇక వయసు మాట. ఇక్కడ నాకు రెండు వైపులా కోపం ఉంది. గుడ్డుకు వయసు ప్రభావం లేదని ఓదార్చేవాళ్లు అబద్ధం చెప్తున్నారు. పిండ దశలో క్రోమోజోములను కట్టి ఉంచిన ప్రొటీన్ తాళ్లు మళ్లీ పెద్దగా పేనబడవు. ముప్పై ఐదేళ్లు గోడౌనులో ఉన్న బస్తా పురికొస మాదిరి చివికిపోతాయి. విభజన నాడు కట్టు సరిగా ఊడక ఒక క్రోమోజోము అటు పోవాల్సింది ఇటే ఉండిపోతుంది. తల్లికి 25 ఏళ్లప్పుడు డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1,250లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి 100లో ఒకటి. ఇది చెప్పాలి. చెప్పేటప్పుడు ఇంకో సగం కూడా చెప్పాలి: శుక్రకణాలు జీవితాంతం కాపీల మీద కాపీలుగా తయారవుతాయి కాబట్టి, బిడ్డలో కొత్తగా కనిపించే జన్యు మార్పుల్లో ఎక్కువ భాగం తండ్రి నుంచే వస్తాయి, తండ్రి వయసులో ఏడాదికి ఒకటి రెండు చొప్పున పెరుగుతూ. మగవాడికి అరవైలో కూడా పిల్లలు పుడతారు అని మీసం తిప్పేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. ఇక ఏఎంహెచ్ రిపోర్టు పట్టుకుని “గుడ్లు అయిపోతున్నాయి” అని భయపెట్టేవాళ్లు వేరే జాతి. అది ఎన్ని మిగిలాయో ఉజ్జాయింపుగా చెప్పే పరీక్ష. గుడ్డు మంచిదా కాదా అని అది చెప్పలేదు. మా పిల్ల ఆ కాగితం చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు.

మొన్న ఆ మూడో ఫొటో ఆమెకు చూపించాను. ఫోన్ తెర మీద రెండు వేళ్లతో పెద్దది చేసి, అంచు మీది పూస దగ్గర ఆగి, “ఇదేనా బయటికి నెట్టేసింది?” అంది. అవునన్నాను. “పాపం” అని నవ్వింది.

ఇంజెక్షన్ అయిన మూడో రోజు క్లాసుకు పోబోతుంటే ఫోన్ వచ్చింది.

“వదినా, పగిలిందంట.”

“ఏది?”

“సంచి వదినా, సంచే” అంది విసుగ్గా. “కాగితం మీద మాత్రం గుడ్డు అనే రాశారు.”

“స్కాన్ ఎన్నింటికి?”

“పదకొండుకి.”

బయటికొచ్చిన గుడ్డు బతికేది 12 నుంచి 24 గంటలు. సుద్దముక్క తీసుకుని మెట్లెక్కుతూ లెక్కేసుకున్నాను. మరీ ఎక్కువనుకుంటే, రేపు పదకొండు దాకా.